ఇల్లు కూడా జీతమే

“నీలం రేకులేస్తే ఇల్లు ఆస్పత్రిలా ఉంటాది. నానొప్పను,” అన్నారు మా అత్తగారు, మంచం మీంచి కాళ్ళు కిందికి దించకుండానే. దించడానికి చోటు లేదు. మంచం చుట్టూ రెండు గిన్నెలు, ఒక బకెట్టు పెట్టి ఉన్నాయి. మూడింట్లోనూ మూడు రకాల చప్పుళ్ళతో వాననీళ్ళు పడుతున్నాయి.

“ఎరుపైతే రెండేళ్ళకే వెలిసిపోతుందమ్మా. నీలం పదేళ్ళుంటుంది,” అన్నారు మా ఆయన.

“కిరందుల్‌లో ఎరుపే వేయాలి నాన్నా. ఈ దుమ్ము ఎలాగూ ఎర్రదే, పడినా తెలీదు,” అని మావాడు చిన్నా మధ్యలో దూరాడు.

“నువ్వు ఊరుకో. నెల తిరక్కుండా చెప్పులు పారేసుకునేవాడివి, రేకుల గురించి నాకు చెప్తావా?”

“ఆడి మాటే బాగుంది. ఎర్రయ్యెయ్యి,” అన్నారు అత్తగారు.

అప్పటికి మూడు రోజులుగా ఇదే గొడవ. నన్నెవరూ అడగలేదు గాని, అడిగితే నేనూ ఒక రంగు చెప్పేదాన్నే. ఆకుపచ్చ. నేను చదువుకునే బల్ల ఆ రేకుల కిందే ఉంది కాబట్టి నాకూ హక్కుందనుకున్నాను.

అది జూన్ చివరి వారం. మా ఆయన రిటైరయ్యేది సెప్టెంబరు ముప్పై. ఇల్లు ఇనుప గని కంపెనీ క్వార్టర్. ఈ రెండు సంగతులూ మా నలుగురికీ తెలుసు. అయినా రేకుల రంగు గురించి మూడు రోజులు కొట్టుకున్నాం గాని, మూడు నెలలు పోయాక వాటి కింద ఎవరుంటారో ఒక్కరమూ నోరెత్తలేదు.

ఆ రేకుల గది మా ఆయన కట్టిందే. కొండ మీది గనిలో ఖనిజం ఎత్తే షావల్ యంత్రం నడిపి దిగొచ్చాక, షిఫ్టు బస్సు దిగిన బట్టలతోనే ఇటుకలు పేర్చారు. చిన్నా పుట్టిన ఏడాది అది. మొదట వంటచెరుకు పెట్టుకున్నాం, తర్వాత అత్తగారి మంచం వేశాం, మూడేళ్ళ కిందట ఒక మూల నా బల్ల చేరింది. బల్ల మీద నా నోట్సు ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒక ఇనుప ఖనిజం రాయి పెట్టుకునేదాన్ని. కొండ మీంచి ఎప్పుడో తెచ్చిన రాయి. అంతకుముందు అది ఆవకాయ జాడీ మూత మీద ఉండేది.

నేను చదువుతున్నది ఎంకామ్, టాక్సేషన్. దూరవిద్య. పెళ్ళికి ముందు విజయనగరంలో బీకామ్ చదివాను. తర్వాత పాతికేళ్ళ పైచిలుకు వంటిల్లే. ఏటా జూలై రాగానే మా లైనులో మగవాళ్ళందరూ ఆఫీసు కాగితాలు పట్టుకుని పక్క ఊరు బచేలీలో ఒకాయన దగ్గరికి పోయేవాళ్ళు, ఆయన చూపించిన చోట సంతకాలు పెట్టి వచ్చేవాళ్ళు. ఆ కాగితాల్లో ఏముందని అడిగితే మా ఆయనా అంతే, పక్కింటాయనా అంతే, “కటింగు” అనేవారు. యూనియన్ చందా కటింగే, క్యాంటీను కటింగే, ఆదాయపు పన్నూ కటింగే. ఆ ఒక్క మాటతో వాళ్ళకి సరిపోయింది. నాకు సరిపోలేదు.

“టేక్సు సదువు సదివి మా దగ్గరే వసూలు సేత్తావేటే?” అని అత్తగారు వేళాకోళం చేసేవారు.

అన్ని పేపర్లూ పాసయ్యాను, ఒక్కటి తప్ప. జీతం మీద పన్ను లెక్కకట్టే పేపరు రెండుసార్లు పోయింది. ఆగస్టు చివర్లో రాసేది ఆఖరు అవకాశం. అదీ పోతే మూడేళ్ళ చదువూ పోయినట్టే, మళ్ళీ మొదటినుంచి ఫీజు కట్టుకోవాలి. జగదల్‌పూర్‌లో ఆదివారం క్లాసులు చెప్పే సత్యమూర్తి గారు ఒకరోజు, “పాసవ్వండి, మా ఆఫీసులోనే కుర్చీ వేస్తాను. జీతాల రిటర్నులు చూసే మనిషి లేక చస్తున్నాను,” అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పాను. విని ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. చీపురుపల్లిలో మా మరిది భూషణం మేడ మీద రెండు గదులున్నాయి, వచ్చేయమని ఫోను చేస్తూనే ఉన్నాడు. తమ్ముడి మేడ మెట్లు ఎక్కడం మా ఆయనకు చచ్చినా ఇష్టం లేదు. ఇష్టం లేదని పైకి అనరు. ఆ ఫోను వచ్చినప్పుడల్లా టేపు పట్టుకుని రేకుల కొలతలు తీసేవారు.

“ఆ పరీక్ష ఇప్పుడే రాయాలా?” అన్నారు ఓసారి. “రెండుసార్లు పోయింది కదా. ఈ హడావుడిలో ఎందుకు?”

“హడావుడి ఏముందండీ? మీరు రేకులు వేయిస్తున్నారు, అంతేగా,” అన్నాను. నేనేదో ఎత్తిపొడుపుకి అన్లేదు. నిజంగానే అన్నాను.

*

జూలై రెండో ఆదివారం సత్యమూర్తి గారు నేను రాసిన నమూనా పేపరు తిరిగిచ్చారు. ఆయనకు డెబ్బై దాటాయి. వాళ్ళ నాన్న కాలంలోనే జగదల్‌పూర్ వచ్చి స్థిరపడిన కుటుంబం. పేపరంతా తిరగేశాను. ఎక్కడా కొట్టివేత లేదు. చివర మార్కులు మాత్రం పదికి మూడు.

“లెక్క తప్పలేదు గంగారత్నం గారూ. ఇల్లు లేదు,” అన్నారు.

“ఏ ఇల్లండీ?”

“కంపెనీ ఇచ్చిన ఇల్లు. ప్రశ్నలో రెండో లైనులోనే ఉంది చూడండి. బేసిక్ వేశారు, డీఏ వేశారు, బోనసు వేశారు. ఇంటి పక్కనుంచి నడిచి వెళ్ళిపోయారు. పోయిన పరీక్షల్లో ఏమిచ్చాడు?”

గుర్తు చేసుకున్నాను. మొదటిసారి బ్యాంకు ఆఫీసరు, రెండోసారి టీ తోట మేనేజరు. ఇద్దరికీ ఇళ్ళిచ్చారు. నేను ఇద్దరినీ నిలువనీడ లేకుండా చేశాను.

“వాళ్ళ దగ్గర ఆ ఇంటికి డబ్బు తీసుకోలేదు కదండీ,” అన్నాను.

“అరే భాయ్, తీసుకోలేదు కాబట్టేనమ్మా అది ఆదాయం! బయట అదే ఇంటికి కిరాయి కట్టాలా, వద్దా? కట్టకుండా మిగిలింది జీతం కాక మరేమిటి?” ఆయన పక్క బెంచీలో ఉన్న కొండగావ్ పిల్ల వైపు తిరిగారు. “నువ్వు వదిలేశావా బేటీ?”

ఆ పిల్ల లేదని తల ఊపింది. వాళ్ళది అద్దె ఇల్లు.

“చూశారా? అద్దెకున్నవాళ్ళెవరూ ఈ తప్పు చేయరు. మీ కిరందుల్ వాళ్ళు, బచేలీ వాళ్ళు, వాళ్ళే చేస్తారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఇల్లు, నీళ్ళు, కరెంటు, ఆస్పత్రి, అన్నీ వానలాగా పైనుంచి పడతాయనుకుంటారు.”

అందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. “గనుల దగ్గర ఇళ్ళకు మినహాయింపు ఉందని పుస్తకంలో ఉందండీ,” అన్నాను.

“ఉంది. తాత్కాలికంగా వేసే చిన్న చిన్న షెడ్లకి. మీది షెడ్డా? పునాది తవ్వి కట్టిన పక్కా ఇల్లు. ఇల్లు పక్కాయే, ఉండేవాళ్ళే...” అని ఆపేశారు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తర్వాత మెల్లగా, “మీవారు రాజేశ్వరరావు గారి రిటైర్మెంటు ఎప్పుడన్నారు?” అని అడిగారు.

“సెప్టెంబరండీ.”

“ఊఁ,” అని ఇంకో ప్రశ్నలోకి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బాస్తానార్ ఘాట్ రోడ్డు ఎక్కేసరికి వాన పట్టుకుంది. అద్దం మూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఇల్లు. నీళ్ళు. కరెంటు. చిన్నా చదివిన స్కూలు. వాడు ఎక్కిన బస్సు. అత్తగారి కంటి ఆపరేషను. ఇవన్నీ జీతమే. జీతం సెప్టెంబరు ముప్పైన ఆగుతుంది. ఇంత చిన్న సంగతి నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అయినా ఆ బస్సులో కూర్చుని మొదటిసారి విన్నట్టు విన్నాను. ఆకుపచ్చ రేకులు గుర్తొచ్చి సిగ్గేసింది.

*

మర్నాడు మా ఆయనకు వీక్లీ ఆఫ్. అత్తగారు కునుకు తీస్తుంటే ఇనప్పెట్టె తెరిచాను. జీతం, పన్ను లెక్కలు రాసి ఏటా కంపెనీ ఇచ్చే ఫారం పదహారులన్నీ అందులోనే పడి ఉంటాయి. అప్పు కోసం బ్యాంకుకు పోయినప్పుడు మొదటి పేజీ ఒక్కటీ జిరాక్సు తీయించుకుని మిగతావి అలాగే కుక్కేసేవాళ్ళం. దాని వెనక ఇంకో కాగితం ఉంటుంది. జీతం కాక కంపెనీ ఇంకా ఏమేమి ఇచ్చిందో రాసిన జాబితా అది. మొట్టమొదటి వరసలోనే ఇల్లు. ఎదురుగా దాని విలువ. కిందటి సంవత్సరం కాగితంలోనూ ఉంది, దానికి ముందటి దాంట్లోనూ ఉంది. పెట్టె అడుగున పచ్చబడిపోయిన దాంట్లోనూ ఉంది.

వరండాలో మా ఆయన ఎర్రబురద పట్టిన బూట్లు పుల్లతో గీకుతున్నారు. ఆ కాగితం ఆయన మోకాలి మీద పెట్టాను.

“ఏంటిది?”

“మన ఇల్లండీ.”

కళ్ళద్దాలు పెట్టుకుని, చెయ్యంత దూరాన పట్టుకుని చదివారు. ఆయన ఇంగ్లీషు నిదానంగా చదువుతారు గాని తప్పు చదవరు.

“ఎప్పట్నుంచి రాస్తున్నాడు ఇలా?”

“పెట్టెలో ఉన్న అన్నిట్లోనూ ఉంది.”

“నేనెప్పుడూ రెండో పేజీ చూడలేదు,” అన్నారు. మళ్ళీ చదివారు. కాసేపటికి వేలితో గోడ వైపు, లోపలి గది వైపు చూపించారు. “మరి ఆ రేకుల గది? అదెక్కడ రాశాడు?”

“అది రాయలేదండీ. అది మీరు కట్టింది కదా.”

ఆయన కాగితాన్ని దాని పాత మడతల మీదే మడిచి, లేచి వెళ్ళి నా బల్ల మీద పెట్టి, దాని మీద ఆ రాయి పెట్టారు. “రేపు పొజ్జా వస్తాడు, రేకుల కొలతలు చూసుకోడానికి,” అని మాత్రం అన్నారు. నేను తొందరపడ్డానేమో అనిపించింది. మనిషి ముప్పై ఎనిమిదేళ్ళు కొండెక్కి దిగాడు. ఆ కాగితం ఇంకో మూడు నెలలు పెట్టెలో ఉంటే కొంప మునిగేదా?

పొజ్జా కోంట వైపు మనిషి. దోర్ల తెగవాడు. ఇంట్లో వాళ్ళ భాష, బజార్లో హిందీ, మాతో తెలుగు. మంగళవారం పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చాడు.

“ఏ రంగు సార్? పెద్దమ్మ ఎర్రదంటది, నువ్వు నీలమంటివి. నేను ఎవరి మాట వినాలె?”

“రంగు వద్దు పొజ్జా. పాతవాటికే పగుళ్ళున్న చోట గోనెపట్టా వేసి తారు పుయ్యి.”

“ఏంది సార్, వద్దంటివా? ఇవి రెండు వానకాలాలు కూడ ఆగవు.”

“ఒక్కటి ఆగితే చాలు.”

నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. బయటికి రాలేదు. ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం వేశాను, పొజ్జా ఆ పూట మా ఇంట్లో తింటాడని.

“తారు కంపు నాకు పడదురా రాజూ!” అని అత్తగారు గదిలోంచి కేకేశారు. కాసేపాగి, గొంతు తగ్గించి, “ఒక్క వానకాలవేటే రత్నం?” అని నన్ను అడిగారు. నేను మంచం చుట్టూ ఉన్న గిన్నెలు తీస్తూ, “అవునత్తా,” అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకున్నారు. రేకుల రంగు గురించి మళ్ళీ ఎత్తలేదు.

*

ఆగస్టంతా ఒకటే వాన. కొండ మీంచి దిగిన నీళ్ళు కాలవల్లో ఎర్రగా పారుతుంటే, ఆరేసిన తెల్లబట్టలు కూడా అదే రంగు పట్టేవి. నేను పొద్దున వంట ముగించి బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఏ ప్రశ్న తీసినా ముందు రెండో లైను చూసేదాన్ని. తారు కంపులోనే చదివాను. నిజం చెప్పాలంటే గది కారడం మానేసింది.

పరీక్షకు ముందురోజు ఘాట్‌లో మట్టి జారి జగదల్‌పూర్ బస్సులు ఆగిపోయాయని చిన్నా బచేలీ నుంచి ఫోను చేశాడు. వాడు అక్కడ ఒక కాంట్రాక్టరు వర్క్‌షాపులో పని చేస్తాడు.  మూడో అవకాశం ఘాట్‌లోనే కూరుకుపోతుందనుకున్నాను. మా ఆయన షిఫ్టుకు తయారై టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంటున్నవారు కాస్తా ఆగారు. డబ్బా తీసి గట్టు మీద పెట్టారు. ఆ సంచిలో నా హాల్ టికెట్టు, రెండు పెన్నులు, ఒక తువ్వాలు పెట్టారు.

“పద. రైలుంది కదా.”

“మీ షిఫ్టో?”

“లీవు పెడతాను.”

రిటైరయ్యే ఏడాది ఎవరూ లీవు పెట్టరు. దాచుకున్న ప్రతి రోజుకీ చివర్లో డబ్బొస్తుంది. జ్వరంతో కూడా కొండెక్కినవారు ఆయన. రైల్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఖనిజం బండ్లు ఎదురొచ్చిన ప్రతి చోటా మా బండి ఆగేది. ఆయన ఆ వ్యాగన్లు చూస్తూ, “ఇందులో నేనెత్తింది ఎంతుంటుందో,” అన్నారు. 

మర్నాడు పరీక్ష హాల్లో మొదటి ప్రశ్నే మాంగనీసు గని మేనేజరు. రెండో లైనులో కంపెనీ ఇల్లు. నేను బేసిక్ కంటే ముందే, అన్నిటికన్నా పైన, ఇంటిని రాశాను. సత్యమూర్తి గారు చూస్తే వరస తప్పిందని తిడతారు. తిట్టనీ అనుకున్నాను. మూడు గంటలూ చెయ్యి ఆగలేదు. ఆ పేపర్లో అరవై ఒక్క మార్కులు వచ్చాయని నాకు తెలిసింది నవంబరులో. ఆ రోజు తెలిసింది ఒకటే, ఎవరి ఇల్లూ వదిలిపెట్టలేదని.

బయటికొస్తే గేటు దగ్గర మా ఆయన గొడుగు వేసుకుని నిలబడి ఉన్నారు. ప్యాంటుకి మోకాళ్ళ దాకా బంకమట్టి. మా కిరందుల్ ఎర్రమట్టి కాదు.

“ఎక్కడికెళ్ళారు ఈ వానలో?”

“ఊరికే. తిరిగాను,” అన్నారు. గొడుగు నా వైపుకి వంచారు. “ఇంటిని రాశావా?”

“రాశాను.”

“మొత్తమూ?”

“కరెంటుతో సహా.”

ఆయన నవ్వారు. ఆ వానాకాలంలో ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

*

సెప్టెంబరు ముప్పైన దండలు వేసి, జీపులో ఇంటి దాకా దిగబెట్టారు. మర్నాడు మధ్యాహ్నం నలుగురం కింద కూర్చుని భోంచేస్తున్నాం. గుమ్మడికాయ పులుసు, అప్పడాలు. రెండో షిఫ్టు సైరను మోగింది. మా ఆయన గోడ గడియారం వైపు చూశారు. చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అన్నంలోకి వచ్చింది.

“నాన్నా, యూనియన్ ఆఫీసులో కనుక్కున్నాను,” అన్నాడు చిన్నా. “అప్లికేషన్ పెడితే కొన్నాళ్ళు ఉండనిస్తారట. కిరాయి ఎక్కువ పడుద్ది గాని, ఈ లోపు నాకు కంపెనీలో పర్మనెంట్ అయితే ఇదే క్వార్టర్...”

“వద్దురా,” అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. పులుసు కలుపుకుంటూనే చెప్పారు. “పదిహేనో తారీఖున తాళాలిచ్చేస్తానని రాసిచ్చాను. జగదల్‌పూర్‌లో సత్యమూర్తి గారి వీధి వెనక ఒక ఇల్లు చూశాను. మీ అమ్మ పరీక్ష రోజే చూశాను. రెండు గదులు, వంటిల్లు. అద్దె.” ఆ మాటను కొత్తగా నేర్చుకున్నట్టు ఒక్క క్షణం నోట్లో ఉంచుకున్నారు. “నెలనెలా అద్దె మనమే ఇవ్వాలి. నువ్వు బచేలీలో రూము తీసుకో. ఆదివారాలు రా.”

చిన్నా నా వైపు చూశాడు. నాకూ అప్పుడే తెలిసింది. మరిది మేడ కాదు. ఈ రేకుల గదీ కాదు. జూన్ నుంచీ గుండెల మీద ఉన్నదేదో దిగిపోయి, ఒక్కసారిగా ఆకలేసింది.

“నా ఫలితాలు ఇంకా రాలేదు కదండీ,” అన్నాను.

“ఇంటిని రాశానన్నావు కదా,” అన్నారు.

అత్తగారు అంతవరకూ తల ఎత్తలేదు. అప్పడం ముక్క కొరికి, నిదానంగా నమిలి, కొడుకు వైపు తిరిగారు.

“ఆ ఇల్లు కారతాదేట్రా?”

“లేదమ్మా. స్లాబు.”

“మరైతే మంచిదే,” అని కంచం నా వైపు జరిపారు. “ఇంకొంచెం పులుసెయ్యవే రత్నం.”